మామిడి తోపు కుదువ పెట్టి మొజాంబిక్ పోదామా?



సంక్రాంతి దాటిన వారం. పొద్దున్నే డెయిరీలో పాలు పోసి ఇంటికొస్తే మా వీధి కుర్రవాడు ఒకడు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. వాళ్ల నాయన నాకు అన్న వరస. కుర్రవాడి చేతిలో రంగు రంగుల పుస్తకం. "చిన్నాయనా, నువ్వు సంఘంలో తిరిగేవాడివి కదా, ఇది కొంచెం చూసి చెప్పు" అన్నాడు.

తిరగేసి చూశాను. ఎర్రనేల, పెద్ద ట్రాక్టర్లు, కనుచూపు మేర కంది చేను. ఆఫ్రికాలో మొజాంబిక్ అనే దేశం. మనిషి ఆరు లక్షలు వాటా కడితే అక్కడ వంద ఎకరాలు యాభై ఏళ్ల లీజుకు ఇప్పిస్తారంట. సాగంతా కంపెనీ చూసుకుంటుంది, పండిన కందులు మన దేశమే కొంటుంది, మూడో ఏడు నుంచి లాభం చేతికొస్తుంది. తిరుపతిలో ఒక హోటల్లో మీటింగు పెట్టి, మంచి భోజనం పెట్టి చెప్పి పంపినారంట. ఆ కంపెనీ పేరు ఇక్కడ రాయను. ఒకటి పోతే ఇంకొకటి వస్తుంది. మనం తెలుసుకోవాల్సింది పేరు కాదు, పద్ధతి.

"ఆరు లక్షలు యాడ తెస్తావురా?" అన్నాను.

"తోపు కుదువ పెడదామని నాయనతో మాట్లాడతా ఉండాను" అన్నాడు.

నాకు కోపం వచ్చింది గానీ నోరు రాలేదు. 2025లో వాళ్ల తోపులో తోతాపురి కాయ బాగా కాసింది. ట్రాక్టరుకు ఎత్తుకుని గుజ్జు ఫ్యాక్టరీ గేటు దగ్గర వాళ్ల నాయన రెండు రాత్రులు పడుకున్నాడు. కిలోకు ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు, మొత్తం 12 అని ప్రకటించారు. చిత్తూరు జిల్లాలో ఎంతమందికి ఆ పన్నెండూ పూర్తిగా చేతికందిందో మీకే తెలుసు. చదువుకుని, బెంగళూరులో నాలుగేళ్లు ఉద్యోగం చేసి, అది పోయి ఊరికొచ్చిన పిల్లోడికి ఆ తోపు ఏం చూపించింది? నష్టాన్నే చూపించింది. అట్లాంటప్పుడు ఎవడో వచ్చి సముద్రం అవతల బంగారు నేల ఉందంటే ఆశ పడకుండా ఎట్లా ఉంటాడు?

"రెండు వారాలు టైమివ్వు, ఎక్కడా సంతకం పెట్టొద్దు" అని చెప్పి పంపించాను. ఆ రెండు వారాల్లో తెలిసినవాళ్లను అడిగి, చదివి, నేను తెలుసుకున్నది మీ ముందు పెడుతున్నాను.

మనవాళ్లు ఆఫ్రికాకు పోవడం ఇది మొదలు కాదు

ముందు ఒక పాత సంగతి. 1860 నవంబర్ 16న మద్రాసు నుంచి బయల్దేరిన ట్రూరో అనే ఓడ దక్షిణాఫ్రికాలోని డర్బన్ రేవు చేరింది. చెరకు తోటల్లో పని చేయడానికి ఐదేళ్ల ఒప్పందం మీద కూలీలను దించింది. 1911 దాకా ఇట్లా నాటాల్‌కు పోయినవాళ్లు దాదాపు లక్షా యాభై వేల మంది. అందులో ఎక్కువమంది మద్రాసు రాజధాని ప్రాంతం వాళ్లే, తమిళులూ తెలుగువాళ్లూ. మన చిత్తూరు అప్పట్లో ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది. ఆ ఉత్తర ఆర్కాటు నుంచి కూడా జనం ఓడలెక్కారు. కరువులో ఉన్న ఊళ్లకు ఏజెంట్లు వచ్చి మంచి కూలి, మంచి తిండి అని చెప్పి తీసుకుపోయారు. ఒప్పందం ముగిశాక అక్కడే ఉండాలంటే తలకు ఏడాదికి 3 పౌండ్ల పన్ను వేస్తూ 1895లో చట్టం తెచ్చారు. ఆ పన్ను తీసేయడానికి గాంధీగారి నాయకత్వంలో 1913లో సమ్మె చేయాల్సి వచ్చింది.

కాబట్టి "ఆఫ్రికాలో అవకాశం" అనే మాట మన తాతల తాతలు విన్నదే. అప్పుడు మన ఒళ్లు అడిగారు. ఇప్పుడు మన పట్టా పుస్తకం అడుగుతున్నారు.

ఆ భూమి ఎవరిది?

మొజాంబిక్ మన ఆంధ్రప్రదేశ్‌కు దాదాపు ఐదింతల దేశం. జనాభా మాత్రం మనకన్నా తక్కువ. పోర్చుగీసు వాళ్ల పాలన నుంచి 1975లో బయటపడింది. ఆ వెంటనే పదిహేనేళ్ల అంతర్యుద్ధం, 1992లో అది ముగిసింది. నేల మంచిది, జంబేజీ లాంటి నది ఉంది. నేల కింద బొగ్గు, సముద్రం కింద గ్యాసు, ఇంకా గ్రాఫైట్, కెంపులు ఉన్నాయి. ఇదంతా నిజమే. రంగుల పుస్తకంలో అబద్ధం ఇక్కడ లేదు.

అబద్ధం "ఖాళీ భూమి" అనే మాటలో ఉంది. మొజాంబిక్ రాజ్యాంగం ప్రకారం భూమంతా ప్రభుత్వానిది. అమ్మడం, కుదువ పెట్టడం కుదరదు. ఎవరికైనా దొరికేది వాడుకునే హక్కు మాత్రమే, దాన్ని అక్కడ దువాట్ అంటారు. మన డీకేటీ పట్టా లాంటిది అనుకోండి. దున్నుకోవచ్చు గానీ అమ్ముకునే హక్కు లేదని 1977 చట్టం చెప్పిన భూములు మన ఊళ్లలో ఎన్ని ఉన్నాయో, వాటిని తెలియక కొన్నవాళ్ల గతి ఏమైందో మీకు తెలుసు. అక్కడ దేశం మొత్తం అట్లాంటి భూమే.

ఇంకొక సంగతి. 1997లో వాళ్లు చేసుకున్న భూమి చట్టం ప్రకారం, ఒక ఊరివాళ్లు తరతరాలుగా వాడుకుంటున్న భూమి మీద కాగితం లేకపోయినా వాళ్లకే హక్కు ఉంటుంది. బయటివాళ్లకు ఇచ్చే ముందు ఆ ఊరిని అడగాలి. మంచి చట్టం. మన దగ్గర గ్రామసభ మాదిరి. అయితే మన గ్రామసభ తీర్మానాలు ఎట్లా రాస్తారో అక్కడ కూడా కొన్నిసార్లు అట్లాగే రాస్తారు. నలుగురు పెద్దలతో సంతకాలు పెట్టించి ఊరంతా ఒప్పుకున్నట్టు చూపిస్తారు. తర్వాత దున్నుకునే వాడు తిరగబడతాడు. ఆరు లక్షలు కట్టిన మన కుర్రవాడికి దొరికే వంద ఎకరాలు, ఇంకొక ఊళ్లో ఇంకొక కుర్రవాడి నాయన జొన్న వేసుకుంటున్న భూమి కావచ్చు.

బెంగళూరు కంపెనీ ఏమైంది

"పెద్ద కంపెనీలు చేస్తే నడుస్తుంది చిన్నాయనా" అన్నాడు మా వాడు. చేసిన పెద్ద కంపెనీ కథ చెబుతాను. మనకు దగ్గరిదే, బెంగళూరుది.

కరుటూరి గ్లోబల్ గులాబీ పూల కంపెనీ. 2007లో కెన్యాలో పెద్ద గులాబీ తోటలు కొని, ప్రపంచంలోనే ఎక్కువ గులాబీలు పండించే కంపెనీల్లో ఒకటైంది. ఆ తర్వాత ఇథియోపియాలో గంబెల్లా అనే ప్రాంతంలో లక్ష హెక్టార్లు, అంటే రెండున్నర లక్షల ఎకరాలకు దగ్గర, యాభై ఏళ్ల లీజుకు తీసుకుంది. మూడు లక్షల హెక్టార్ల దాకా పెంచుకుంటామని చెప్పుకున్నారు. కౌలు హెక్టారుకు ఏడాదికి 20 బిర్. అప్పటి లెక్కన మన డబ్బులో వంద రూపాయలు కూడా కాదు. మన పత్రికలు గొప్పగా రాశాయి. ఉమ్మడి రాష్ట్రంలో కూడా 2010 ప్రాంతంలో మన రైతులను కెన్యా, ఉగాండాలకు పంపి సాగు చేయించాలన్న మాట బాగా నడిచింది. ఆ గాలి అట్లా వీచింది.

ఏమైంది? భూమి నది పక్కన ఉంది. 2011లో బారో నది పొంగి మొక్కజొన్న పంట మునిగిపోయింది. ఆ నది ఎప్పుడు ఎంతవరకు వస్తుందో అక్కడి అనూక్, నుయేర్ జాతుల వాళ్లకు తరాలుగా తెలుసు. అదే కాలంలో ఆ జాతుల వాళ్లను పాత ఊళ్ల నుంచి కొత్త ఊళ్లకు మార్చే పని అక్కడి ప్రభుత్వం పెట్టుకుంది. అది బలవంతంగా జరిగిందని 2012లో హ్యూమన్ రైట్స్ వాచ్ నివేదిక ఇచ్చింది. ఇష్టపడే పోయారని ప్రభుత్వం అంది. కంపెనీ మాత్రం తీసుకున్న భూమిలో చాలా కొద్ది భాగమే సాగులోకి తెచ్చింది. 2014లో కెన్యా గులాబీ తోటలు అప్పుల కింద రిసీవర్ చేతికి పోయాయి. జీతాలు అందక వేలమంది తోట కూలీలు సమ్మెకు దిగారు. 2015 డిసెంబర్‌లో ఇథియోపియా ప్రభుత్వం ఆ లీజు రద్దు చేసింది.

దీంట్లో కంపెనీ తప్పెంత, ప్రభుత్వం తప్పెంత అని ఇరుపక్షాలూ వాదించుకున్నాయి. మనకు కావాల్సింది వేరే. బ్యాంకులు, లాయర్లు, మంత్రుల పరిచయాలు ఉన్న కంపెనీకే యాభై ఏళ్ల లీజు పదేళ్లు నిలబడలేదు. అక్కడి భాష రాని, కోర్టు ఎక్కడుందో తెలియని, తోపు కుదువ పెట్టిన మన కుర్రవాడికి నిలబడుతుందా? మొజాంబిక్‌లో కోర్టు కాగితాలు, లీజు కాగితాలు పోర్చుగీసులో ఉంటాయి. రంగుల పుస్తకం మాత్రం తెలుగులో ఉంది.

కంది కథ: అక్కడా మనమే, ఇక్కడా మనమే

"పండిన కందులు ఇండియా కొంటుంది కదా, అది గ్యారంటీ కదా" అన్నాడు. ఈ మాట దగ్గర మనమందరం కొంచెం ఆగి ఆలోచించాలి. ఎందుకంటే మనం కూడా చెనక్కాయ చేలో కంది సాళ్లు వేసేవాళ్లమే.

2015లో కందిపప్పు కిలో 200 రూపాయలు తాకింది. ఢిల్లీ ప్రభుత్వం బెదిరిపోయింది. 2016 జులైలో ప్రధాని మొజాంబిక్ పోయినప్పుడు కందుల కొనుగోలు ఒప్పందం కుదిరింది. మొదటి ఏడు లక్ష టన్నులు, 2020-21 నాటికి రెండు లక్షల టన్నులు. అక్కడి నంపులా, జంబేజియా ప్రావిన్సుల్లో చిన్న చిన్న రైతులు కంది వేస్తారు. వాళ్లు కందిపప్పు తినేది తక్కువ, ఎక్కువగా మనకోసమే పండిస్తారు. ధర బాగుందని, ఇండియా కొంటుందని విని ఇంకా ఎక్కువ వేశారు.

ఇక్కడ మనం కూడా ధర చూసి వేశాం. 2016-17లో దేశంలో కంది పంట రికార్డు స్థాయిలో పండింది. మద్దతు ధర బోనస్‌తో కలిపి క్వింటాలుకు 5,050 ఉంటే చాలా మార్కెట్లలో 4,000 చుట్టూ అమ్ముకున్నారు. అప్పుడు ప్రభుత్వం తలుపు మూసింది. 2017 ఆగస్టులో కంది దిగుమతికి ఏడాదికి రెండు లక్షల టన్నులని హద్దు పెట్టింది. ఆ దెబ్బకు మొజాంబిక్‌లో కంది ధర కుప్పకూలింది. అక్కడి రైతు కోసిన కందులు ఏం చేసుకోవాలో తెలియక నిలబడ్డాడు.

అంటే ఏమైంది? ఢిల్లీలో ఒక్క కాగితం మీద మన ధరా పడింది, వాళ్ల ధరా పడింది. ఆ మధ్యలో సరుకు నిలవ చేసుకోగలిగిన వాడు, ఓడ మాట్లాడుకోగలిగిన వాడు మాత్రం బాగుపడ్డాడు.

తర్వాత 2021లో మళ్లీ తలుపు తెరిచారు. కంది దిగుమతి మీద హద్దు తీసేశారు. మొజాంబిక్ ఒప్పందాన్ని ఏడాదికి రెండు లక్షల టన్నుల చొప్పున ఇంకో ఐదేళ్లు, 2025-26 దాకా పొడిగించారు. మలావి నుంచి 50 వేల టన్నులు, మయన్మార్ నుంచి లక్ష టన్నులకు కూడా ఒప్పందాలు చేసుకున్నారు. సుంకం లేని దిగుమతిని ఏటికేడు పొడిగిస్తూ 2026 మార్చి 31 దాకా తెచ్చారు. 2024-25లో దేశంలోకి వచ్చిన కందులు పది లక్షల టన్నులు దాటాయి. అక్కడి పంట ఆగస్టు, సెప్టెంబర్‌లలో కోతకొస్తుంది. మన కంది కొడవలికి వచ్చేలోగా వాళ్ల కంది మన రేవుల్లో దిగి ఉంటుంది. 2024-25లో మద్దతు ధర 7,550 అని రాసి ఉంటే, నేను అమ్ముకున్నది 6,800కు. మీ చీటీలు మీరు తీసి చూసుకోండి.

అటువైపు కూడా ఇదే గోల. 2023 చివర్లో అక్కడి ఎగుమతి కంపెనీల తగాదాలు, కోర్టు కేసుల వల్ల నకాలా రేవులో మనకు రావాల్సిన కందులు ఆగిపోయాయి. ఇక్కడ పప్పు ధర పెరిగింది. ఆ పెరిగిన ధరలో మన రైతుకు వచ్చిందేమీ లేదు, మన దగ్గర అప్పటికి సరుకే లేదు. కంది పండించిన మొజాంబిక్ రైతుకూ రాలేదు, వాడు అప్పటికే దళారికి అమ్మేశాడు.

ఇప్పుడు మా కుర్రవాడి లెక్క చూడండి. వాడు అక్కడ కంది పండించి ఇక్కడికి పంపితే, పడేది ఎవరి ధర? ఇక్కడ చేలో వాళ్ల నాయన వేసిన కంది ధర. ప్రభుత్వం తలుపు తెరిస్తే నాయన మునుగుతాడు. మూస్తే కొడుకు మునుగుతాడు. ఒకే ఇంట్లో ఇద్దరినీ పందెం కాయించే బేరం ఇది.

నేల కింద సంపద ఎవరికి పోయింది

"ఆ దేశం బొగ్గుతో, గ్యాసుతో పైకొస్తోంది, మనం ముందే పోయి కూర్చుంటే మంచిది" అని పుస్తకంలో రాసి ఉంది. దీని మీద కూడా నాలుగు మాటలు.

తేతే అనే చోట బొగ్గు గనులు. రియో టింటో అనే పెద్ద కంపెనీ 2011లో దాదాపు 370 కోట్ల డాలర్లు పెట్టి అక్కడి గనుల కంపెనీని కొన్నది. బొగ్గు అనుకున్నంత లేదు, జంబేజీ నది మీద పడవల్లో తరలించడానికి అనుమతి రాలేదు. 2014లో ఆ గనులను 5 కోట్ల డాలర్లకు వదిలించుకుంది. కొన్నది ఎవరు? మన ప్రభుత్వ సంస్థలు కలిసి పెట్టుకున్న ఐసీవీఎల్. దాంట్లో మన విశాఖ ఉక్కుకు, హైదరాబాదులోని ఎన్ఎండీసీకి కూడా వాటా ఉంది. ఇంటి పక్కన సొంత ఇనుప గని లేక విశాఖ ఉక్కు అల్లాడుతుంటే, మన డబ్బు తేతే బొగ్గులో ఉంది. ఇది తప్పని నేను అనను, కోకింగ్ బొగ్గు మన దేశంలో చాలదు. కానీ అంత పెద్ద కంపెనీలు కూడా అక్కడ లెక్క తప్పాయని గుర్తు పెట్టుకోండి.

అదే తేతేలో వాలే అనే బ్రెజిల్ కంపెనీ గని కోసం ఊళ్లు ఖాళీ చేయించి కతేమే అనే చోట ఇళ్లు కట్టించింది. ఇళ్లు ఇచ్చారు గానీ పండే భూమి, నీళ్లు సరిగా ఇవ్వలేదు. 2012 జనవరిలో ఆ జనం బొగ్గు రైలు పట్టాల మీద కూర్చున్నారు. ఉత్తరాన కాబో దెల్గాదోలో సముద్రపు గ్యాసు దొరికింది. మన ఓఎన్జీసీ విదేశ్, ఆయిల్ ఇండియా, భారత్ పెట్రోలియం కలిపి అందులో ఒక బ్లాకులో 30 శాతం వాటా తీసుకున్నాయి. 2017లో అక్కడ తిరుగుబాటు మొదలైంది. 2021 మార్చిలో పాల్మా పట్నం మీద దాడి జరిగాక పని ఏళ్ల తరబడి ఆగిపోయింది. ఇంకోవైపు, పార్లమెంటుకు చెప్పకుండా చేసిన దాదాపు 200 కోట్ల డాలర్ల అప్పులు 2016లో బయటపడ్డాయి. ఆ కేసులో వాళ్ల మాజీ ఆర్థిక మంత్రిని 2024లో న్యూయార్క్ కోర్టు దోషిగా తేల్చింది. ఆ అప్పు తీర్చేది గ్యాసు చూడని పల్లె జనం.

జీడి కథ ఇంకా దగ్గరిది. ఒకప్పుడు ప్రపంచంలో జీడి ఎక్కువగా పండేది మొజాంబిక్‌లోనే. వాళ్లకు సొంత జీడి ఫ్యాక్టరీలు ఉండేవి. పచ్చి గింజ బయటికి పోకుండా ఎగుమతి పన్ను వేసుకున్నారు. 1990లలో అప్పు కావాలంటే ఆ పన్ను తగ్గించమని ప్రపంచ బ్యాంకు పట్టుబట్టింది. తగ్గించారు. గింజలు ఓడలెక్కి మన దేశానికి వచ్చాయి. అక్కడ ఫ్యాక్టరీలు మూతపడి వేలమంది ఆడవాళ్లు, మగవాళ్లు పని పోగొట్టుకున్నారు. రైతుకు ధర పెరుగుతుందని చెప్పారు, పెరిగింది కొంచెమే. మిగతాది వర్తకుడి దగ్గర ఆగిపోయింది.

ఇది వింటే మనకు ఏం గుర్తు రావాలి? మంగంపేట ముగ్గురాయి. ప్రపంచంలో పెద్ద నిక్షేపాల్లో ఒకటి, చమురు బావులు తవ్వే దేశాలకు పోతుంది, ఓబులవారిపల్లె చుట్టూ ఊళ్ల బతుకు మాత్రం మీరు చూసిందే. శేషాచలం ఎర్రచందనం. కుప్పం గ్రానైట్. మన తోతాపురి కాయ కూడా అంతే, కిలో నాలుగైదు రూపాయలకు పడిపోయిన కాయే గుజ్జయి డబ్బాల్లో విదేశాలకు పోతుంది. సంపద ఉన్న పేద ప్రాంతం అంటే ఏమిటో తెలుసుకోవడానికి మనకు ఆఫ్రికా దాకా పోవాల్సిన పని లేదు.

మరి వ్యాపారం చేయకూడదా?

చేయొచ్చు. నేను గిరి గీసి కూర్చోమని చెప్పడం లేదు. హైదరాబాదు మందులు ఆఫ్రికా దేశాలకు పోతున్నాయి. శ్రీకాకుళం పలాసలో జీడి ఫ్యాక్టరీలు ఆఫ్రికా గింజల మీద కూడా నడుస్తున్నాయి. అక్కడ ఉద్యోగాలు, దుకాణాలు చేసుకుంటున్న తెలుగువాళ్లు ఉన్నారు. వాళ్లు తెలిసిన పనితో పోయారు, సొంత డబ్బుతో సరుకు కొని అమ్ముతున్నారు, నష్టం వస్తే భరించే శక్తి పెట్టుకుని పోయారు. తెలియని భూమి మీద, తెలియని మనిషి చేత, కుదువ పెట్టిన డబ్బుతో సాగు చేయించడం అట్లాంటి వ్యాపారం కాదు.

ఇంకొక మాట నిష్ఠూరంగానే చెబుతాను. మన జిల్లాలో సెజ్‌లకు, ఫ్యాక్టరీలకు భూములు తీసుకున్నప్పుడు "మమ్మల్ని అడగకుండా ఎట్లా తీసుకుంటారు" అని మనం కలెక్టరాఫీసు ముందు ఎండలో కూర్చున్నాం. మొజాంబిక్‌లో కూడా మనలాంటి సంఘం ఉంది. పేరు ఉనాక్, 1987లో పెట్టుకున్న చిన్న రైతుల జాతీయ సంఘం. జపాన్, బ్రెజిల్, మొజాంబిక్ ప్రభుత్వాలు కలిసి ప్రోసవానా అనే పేరుతో నకాలా ప్రాంతంలో దాదాపు కోటీ నలభై లక్షల హెక్టార్ల మీద పెద్ద సేద్యం పథకం తెస్తే, ఆ సంఘం 2013లో మూడు దేశాల అధినేతలకు బహిరంగ లేఖ రాసింది. ఏళ్లు పోరాడింది. 2020లో ఆ పథకం ఆగిపోయింది. వాళ్లు కాపాడుకున్న భూమి మీదికి ఇప్పుడు మన పిల్లలను ఆరు లక్షల వాటాతో పంపుదామా?

సంతకం పెట్టే ముందు

ఇట్లాంటి ఏజెంటు మీ ఊరికొస్తే ఈ ఐదూ అడగండి.

ఒకటి. పదిమంది దగ్గర డబ్బు పోగేసి, సాగు తాము చేసి లాభం పంచుతామనే పథకానికి సెబీ రిజిస్ట్రేషన్ ఉండాలి. నంబరు చెప్పమనండి. 1990లలో టేకు తోటలు, ఆ తర్వాత ఈము కోళ్లు మనకు నేర్పిన పాఠం ఇదే.

రెండు. విదేశానికి డబ్బు బ్యాంకు ద్వారా, రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారమే పోవాలి. తిరుపతిలో చేతికి నగదు తీసుకునేవాడు డబ్బు ఎక్కడికి పంపుతాడో దేవుడికే తెలియాలి.

మూడు. దువాట్ కాగితం ఎవరి పేరు మీద ఉంది? ఆ భూమి ఉన్న ఊరి పేరేమిటి? ఆ ఊరివాళ్లను ఎప్పుడు అడిగారు?

నాలుగు. ఇండియా దిగుమతి ఆపితే నష్టం ఎవరిది? కాగితం మీద రాసివ్వమనండి.

ఐదు. తగాదా వస్తే కేసు ఏ దేశం కోర్టులో వేయాలి?

మా కుర్రవాడి ముందే ఆ ఏజెంటుకు ఫోను చేయించాను. మొదటి ప్రశ్నకు "ఆఫీసులో కనుక్కుని చెబుతా" అన్నాడు. రెండోదానికి ఫోను పెట్టేశాడు.

మనం చేయాల్సింది

పిల్లోడిని ఆపడంతో మన పని అయిపోదు. వాడిని ఆ హోటల్ మీటింగుకు నడిపించింది తోతాపురి ధర, కంది ధర. అవి మారకపోతే రేపు ఇంకొక రంగుల పుస్తకం వస్తుంది, ఈసారి వాడు నన్ను అడగడు.

2021లో పొడిగించిన కంది ఒప్పందం 2025-26 దాకా. సుంకం లేని దిగుమతికి 2026 మార్చి 31 దాకా గడువు పెట్టారు. ఢిల్లీలో పొడిగింపు మీద తేల్చే ప్రతిసారీ ముందే మన మాట పోవాలి. మన సంఘం పెట్టాల్సిన డిమాండ్లు ఇవి. మార్కెట్లో కంది ధర మద్దతు ధర కన్నా తక్కువ ఉన్నంత కాలం సుంకం లేని దిగుమతి ఉండకూడదు. దిగుమతి విధానం ఏదైనా విత్తనం వేయకముందే, జూన్‌లోపే చెప్పాలి, పంట కోసేటప్పుడు మార్చకూడదు. ఇది మనకే కాదు, మొజాంబిక్ రైతుకు కూడా న్యాయం. మద్దతు ధరకు కొనుగోలు కేంద్రం డివిజన్‌కు ఒకటన్నా మన రెండు జిల్లాల్లో తెరవాలి. మామిడికి సీజను మొదలవకముందే ఫ్యాక్టరీలు, రైతులు, కలెక్టరు కూర్చుని ధర రాసుకోవాలి, రాసుకున్న ధర గడువులోగా బ్యాంకు ఖాతాలో పడాలి.

దీనికి మీ దగ్గర నుంచి కావాల్సింది ఒక్కటే. ఈ రెండేళ్లలో కంది, మామిడి అమ్మిన చీటీలు, ఫ్యాక్టరీ టోకెన్లు ఇంట్లో ఎక్కడున్నా వెతికి, జెరాక్స్ తీసి మండల కమిటీకి ఇవ్వండి. నోటిమాటగా "ధర రాలేదు" అంటే ఆఫీసర్లు తల ఊపి పంపిస్తారు. వెయ్యి చీటీలు బల్ల మీద పెడితే జవాబు చెప్పి తీరాలి. చీటీ లేకుండా అమ్మినవాళ్లు తేదీ, బరువు, ధర తెల్లకాగితం మీద రాసి సంతకం పెట్టి ఇవ్వండి.

మా కుర్రవాడు ఇంకా ఏమీ తేల్చలేదు. పట్టా పుస్తకం మాత్రం వాళ్లమ్మ పెట్టెలోనే ఉంది. నిన్న సాయంత్రం వచ్చి, "చీటీలు నేను కంప్యూటర్లో ఎక్కిస్తాను చిన్నాయనా, మండలంలో ఎంతమందివి వస్తాయి?" అని అడిగాడు. ఎన్ని వస్తాయో వాడికి మీరే చెప్పాలి.